రెండో దిర్హం: కొత్త పనిముట్టు చేసేవారికి ప్రభుత్వ గ్రాంట్లు, మన దాతల చేయూత



దాతలు ఇచ్చిన సొమ్ము ఏయే పనులకు చేరిందో ఇలాంటి సంచికల్లో ఏటా చదువుతూనే ఉంటాం. బడి ఫీజులు, ఆసుపత్రి బిల్లులు, రంజాన్ నెల రేషన్, దిక్కులేని ఆడవాళ్ళకు నెలనెలా సాయం, పేదింటి పిల్లల పెళ్ళిళ్ళు. ఇవన్నీ ఆగకూడని పనులే. ఈ వ్యాసం మాత్రం ఆ పట్టికలో ఇంకా చోటు దొరకని ఒక అవసరం గురించి. చేతిలో పని, బుర్రలో కొత్త ఆలోచన ఉండి, దాన్ని బజారుకు చేర్చే దారి తెలియక ఆగిపోతున్న మన కుర్రవాళ్ళ గురించి. వారి కోసం ప్రభుత్వం తిరిగి అడగని డబ్బు కేటాయిస్తోంది. అది వారిదాకా ఎందుకు రావడం లేదో, దాతలు ఎక్కడ చెయ్యి వేస్తే వస్తుందో చెప్పడమే ఇక్కడి ఉద్దేశం.

మదీనాలో ఒక అన్సారీ పేదవాడు దైవప్రవక్త (స) దగ్గరికి సాయం కోసం వచ్చిన సంగతి మనలో చాలామందికి తెలుసు. ఇంట్లో ఏముందని అడిగితే, ఒక గుడ్డ, నీళ్ళు తాగే గిన్నె తప్ప ఇంకేమీ లేవన్నాడు. ప్రవక్త (స) ఆ రెండింటినీ తెప్పించి, అక్కడున్నవారి మధ్య వేలం పెట్టి, 2 దిర్హంలకు అమ్మారు. ఒక దిర్హంతో ఇంటివాళ్ళకు తిండి కొనమన్నారు. రెండో దిర్హంతో గొడ్డలి కొని తెమ్మన్నారు. తెచ్చిన గొడ్డలికి స్వయంగా కర్ర బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని, 15 రోజులదాకా తనకు కనబడవద్దని చెప్పి పంపారు. అతను మళ్ళీ వచ్చేసరికి చేతిలో 10 దిర్హంలు ఉన్నాయి.

మనం ఇచ్చే సాయంలో ఎక్కువ భాగం మొదటి దిర్హం. అది లేకపోతే పొయ్యి వెలగదు. అయితే రెండో దిర్హం కూడా ఉందని ఆ సంగతి గుర్తుచేస్తోంది. ప్రభుత్వం ఇచ్చే ఇన్నోవేషన్ గ్రాంట్లు ఆ రెండో దిర్హం లాంటివే.

మన షెడ్లలో ఉన్న చదువు

కర్నూలు, ఆదోని, నంద్యాల, కడప, ప్రొద్దుటూరు. ఈ ఊళ్ళలో ఏ వీధికి వెళ్ళినా మోటారు వైండింగ్ షాపు, వెల్డింగ్ షెడ్డు, లేత్ మిషన్, రేడియేటర్ రిపేరు, బోరు పంపుల పని కనిపిస్తాయి. వాటిలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పనక్కరలేదు. వీరిలో చాలామంది పదో తరగతి దాటలేదు. కానీ రైతు తెచ్చిన యంత్రం ఎక్కడ పట్టేసిందో చప్పుడు విని చెబుతారు. కొందరు అక్కడితో ఆగరు. ఒక భాగం మార్చి, ఇంకొకటి అతికించి, కంపెనీవాడు ఇవ్వని పని ఆ యంత్రంతో చేయిస్తారు. ఆ మార్పు ఆ ఒక్క రైతుకు పనికొస్తుంది. 100 మందికి అమ్మదగ్గ వస్తువు మాత్రం కాదు.

కొత్త యంత్రం వచ్చినప్పుడు ఏం జరుగుతుందో మన సీమలో దూదేకుల, నూర్‌బాషా సోదరులకు బాగా తెలుసు. విల్లుతో దూది ఏకి, పరుపులు, బొంతలు కుట్టడం వారి తరతరాల వృత్తి. దూది ఏకే మిషన్లు వచ్చాయి, ఆ తరువాత ఫోము పరుపులు వచ్చాయి. విల్లు మూలకు చేరింది. దూది గుణం, పరుపు కుట్టే నేర్పు బాగా తెలిసినవాళ్ళు వాళ్ళే. అయినా ఆ మార్పులో వారికి వాటా దక్కలేదు. మార్పు ఎలాగూ వస్తుంది. దాన్ని తయారుచేసేవారిలో మనవాళ్ళు ఉంటారా, లేక దాని దెబ్బకు పని పోగొట్టుకునేవారిలోనే ఉంటారా అన్నది అసలు ప్రశ్న.

ఇది ఇప్పుడు అడగవలసిన ప్రశ్న కూడా. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో 12 పారిశ్రామిక నోడ్లకు ఆమోదం తెలిపింది. వాటిలో రెండు మనవే. కర్నూలు దగ్గర ఓర్వకల్లుకు 2,621 ఎకరాలు, 2,786 కోట్ల రూపాయలు. కడప దగ్గర కొప్పర్తికి 2,596 ఎకరాలు, 2,137 కోట్లు. పెద్ద ఫ్యాక్టరీలు వస్తే వాచ్‌మన్ ఉద్యోగాలూ వస్తాయి, విడిభాగాల ఆర్డర్లూ వస్తాయి. ఆర్డరు రావాలంటే మాత్రం చేతిలో ఒక వస్తువు, దానికి ఒక పేరు, దాని వెనుక ఒక సంస్థ ఉండాలి.

అప్పు వేరు, సబ్సిడీ వేరు, గ్రాంటు వేరు

ప్రభుత్వ సాయం అనగానే మనవాళ్ళకు లోను గుర్తుకొస్తుంది. లోను అంటే వడ్డీ. అందుకే చాలామంది ఆ మాటే ఎత్తరు. కానీ ఇందులో మూడు రకాలున్నాయి. వాటిని విడదీసి చూడాలి.

మొదటిది మామూలు బ్యాంకు అప్పు. అసలూ కట్టాలి, వడ్డీ కూడా కట్టాలి.

రెండోది అప్పుకు ముడిపడిన సబ్సిడీ. 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, అంటే పీఎంఈజీపీ, ఈ రకమే. ఇందులో తయారీ యూనిట్ ఖర్చు 50 లక్షల వరకు, సేవల యూనిట్ అయితే 20 లక్షల వరకు ఉండవచ్చు. మైనారిటీలను ప్రత్యేక కేటగిరీలో చేర్చారు. కాబట్టి మనవారు పల్లెలో యూనిట్ పెడితే 35 శాతం, పట్టణంలో పెడితే 25 శాతం సబ్సిడీ వర్తిస్తుంది. సొంత వాటా 5 శాతం చాలు. మిగిలినది బ్యాంకు అప్పు. 2020లో వచ్చిన చిన్న ఆహార పరిశ్రమల పథకం పీఎంఎఫ్‌ఎంఈ కూడా ఇలాంటిదే. అందులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు సబ్సిడీ. కర్నూలు జిల్లా తడకనపల్లెలో మహిళా సంఘాల సభ్యులు ఎండతో నడిచే డ్రైయర్లలో ఉల్లి, టమాటా ముక్కలు ఆరబెట్టే పనిని ప్రయోగంగా మొదలుపెట్టారు. మార్కెట్ యార్డులో ధర పడిపోయి ఉల్లి కుళ్ళిపోవడం, పత్తికొండలో టమాటా రోడ్డు పాలు కావడం కళ్ళారా చూసినవారికి ఆ పని విలువ తెలుస్తుంది. అయితే ఈ రెండు పథకాలూ తెలిసిన పనికి యూనిట్ పెట్టుకోవడానికే. కొత్త యంత్రం కనిపెట్టడానికి కాదు.

మూడోది గ్రాంటు. తిరిగి కట్టనక్కరలేదు, వడ్డీ లేదు, పూచీగా ఇల్లు రాయించనక్కరలేదు. అలాగని ఉచిత దానం కూడా కాదు. ఇంత డబ్బుతో, ఇన్ని నెలల్లో, ఈ నమూనా చేసి, ఈ పరీక్షలో నెగ్గించి చూపిస్తానని ఒప్పందం రాసివ్వాలి. ఖర్చుకు బిల్లులు, లెక్కలు చూపాలి. నిజాయితీగా ప్రయత్నించి ఓడిపోతే, ఆ ఓటమి అప్పుగా మారదు. వడ్డీకి భయపడి వెనక్కి తగ్గే మన ఇళ్ళకు ఈ మూడో రకం సంగతి తప్పకుండా చేరాలి.

ప్రభుత్వం ఎందుకిస్తుంది?

లాభం వచ్చేదైతే షావుకారే పెట్టుబడి పెడతాడు కదా, ప్రభుత్వం ఎందుకివ్వాలని అడగవచ్చు. దీనికి జవాబు మన పొలాల పక్కనే పారుతోంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి కడప వైపు సాగే కె.సి. కాలువను 1863 నుంచి తవ్వించింది ప్రభుత్వం కాదు, మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ. పడవల రాకపోకలు, సాగునీరు రెండింటి మీదా రాబడి వస్తుందని లెక్క వేసుకున్నారు. ఆ లెక్క తప్పింది. 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొనేసింది. వ్యాపారంగా అది నిలబడలేదు. కానీ కాలువ ఈనాటికీ నీళ్ళిస్తోంది. కొన్ని పనులు మొదటి పెట్టుబడిదారుకు నష్టం తెస్తాయి, ఊరికి మాత్రం మేలు చేస్తాయి. ఆ మొదటి నష్టభయాన్ని ఒక్కడి నెత్తిన వేస్తే ఎవరూ ముందుకు రారు. అందుకే ప్రభుత్వం కొంత భరిస్తుంది.

ఈ ఆలోచనను ఒక పద్ధతిగా మార్చినది అమెరికా. 1977లో అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో రోలాండ్ టిబెట్స్ అనే అధికారి చిన్న కంపెనీల పరిశోధనకు గ్రాంట్లిచ్చే ఏర్పాటు మొదలుపెట్టారు. 1982లో అది చట్టమై, పెద్ద ప్రభుత్వ శాఖలన్నీ తమ పరిశోధన నిధుల్లో కొంత చిన్న కంపెనీలకు కేటాయించాలన్న నియమం వచ్చింది. అందులో మూడు మెట్లున్నాయి. ఆలోచన పనిచేస్తుందో లేదో తేల్చడానికి చిన్న మొత్తం. తేలితే, వస్తువుగా మలచడానికి పెద్ద మొత్తం. మూడో మెట్టు బజారు. అక్కడ ఆ పథకం డబ్బు ఉండదు, కొనేవాడి డబ్బే ఉంటుంది. మన దేశంలో బయోటెక్నాలజీ శాఖ 2005లో అలాంటి పేరుతోనే ఒక పథకం తెచ్చింది. 2016 జనవరి 16న స్టార్టప్ ఇండియా మొదలయ్యాక ఇలాంటివి పెరిగాయి.

మన దేశంలో ఉన్న ముఖ్యమైన గ్రాంట్లు

నమూనా చేయడానికి: కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ 2016లో తెచ్చిన నిధి కార్యక్రమంలో ‘ప్రయాస్’ ఒక భాగం. ఆలోచనను పనిచేసే నమూనాగా మార్చడానికి 10 లక్షల వరకు ఇస్తారు. కంపెనీ లేని వ్యక్తి కూడా అడగవచ్చు. చేతితో పట్టుకోగల వస్తువు ఉండాలి, వట్టి మొబైల్ యాప్‌కు ఇవ్వరు. మన మెకానిక్‌లకు బాగా నప్పేది ఇదే.

పరీక్షకు, బజారుకు: 2021లో 945 కోట్లతో స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ వచ్చింది. నమూనా, పరీక్షల కోసం 20 లక్షల వరకు గ్రాంటు. బజారులోకి దిగడానికి 50 లక్షల వరకు సాయం ఉంది, కానీ అది గ్రాంటు కాదు, అప్పు రూపంలోనో తరువాత వాటాగా మారే డిబెంచర్ రూపంలోనో ఇస్తారు. వడ్డీ విషయంలో పట్టింపు ఉన్నవారు ఈ తేడా గమనించాలి. సంస్థ పెట్టి రెండేళ్ళు దాటకూడదు. వేరే ప్రభుత్వ పథకాల కింద 10 లక్షలకు మించి డబ్బు తీసుకుని ఉండకూడదు.

చిన్న పరిశ్రమలకు: 2022 మార్చిలో మొదలైన ఎంఎస్‌ఎంఈ ఇన్నోవేటివ్ పథకంలో ఒక్కో ఆలోచనకు 15 లక్షల వరకు ఉంది. పేటెంట్ వస్తే దాని ఖర్చులో లక్ష వరకు తిరిగి ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది.

సేద్యానికి సంబంధించినవాటికి: రాష్ట్రీయ కృషి వికాస్ యోజన కింద ఆలోచన దశలో 5 లక్షల వరకు, ఆపై దశలో 25 లక్షల వరకు.

మందులు, ఆరోగ్య పరికరాలు, జీవ ఎరువుల వంటివాటికి: బైరాక్ సంస్థ ‘బిగ్’ గ్రాంటు, 18 నెలలకు 50 లక్షల వరకు. ఇది సైన్సు చదివిన మన పిల్లలు చూడవలసినది.

ఈ పథకాల గడువులూ మొత్తాలూ మారుతుంటాయి. ఏది ఆ ఏడాది తెరిచి ఉందో చూసుకున్నాకే దరఖాస్తు పెట్టాలి.

బజారు మెట్టు దగ్గర ఇంకో సంగతి. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తాము కొనే సరుకులో 25 శాతం చిన్న పరిశ్రమల నుంచే కొనాలన్న నియమం ఉంది. జెమ్ అనే ప్రభుత్వ అంగడిలో పేరు నమోదు చేసుకుంటే ఆ గిరాకీ కనబడుతుంది. కొత్త వస్తువుకు మొదటి కొనుగోలుదారు దొరకడం గ్రాంటు కంటే కష్టం. ఆ మొదటి కొనుగోలుదారు ప్రభుత్వమే కావచ్చు.

తలుపు ఎక్కడ తట్టాలి?

ఈ గ్రాంట్లలో చాలావాటిని ఢిల్లీ నుంచి నేరుగా ఇవ్వరు. ఇంక్యుబేటర్ అనే కేంద్రాల ద్వారా ఇస్తారు. కోడి గుడ్లను పొదిగినట్టు, ఇవి కొత్త ఆలోచనలకు కొంతకాలం చోటు, పనిముట్లు, సలహా ఇచ్చి కాపాడతాయి. దరఖాస్తు చూసేదీ, విడతలవారీగా డబ్బు విడుదల చేసేదీ అవే.

మనకు దగ్గరలో అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం దగ్గర అటల్ ఇంక్యుబేషన్ కేంద్రం ఉంది. తిరుపతిలో ఆచార్య రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఇంక్యుబేటర్ సేద్యం, ఆహారం పనులకు పనికొస్తుంది. 2025 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు అమరావతిలో ప్రధాన కేంద్రం, 5 ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. వాటిలో అనంతపురం కర్నూలువారికీ, తిరుపతి కడపవారికీ అందుబాటులో ఉంటాయి. 2015లో మొదలై, ఇప్పుడు కర్నూలు జగన్నాథగట్టు మీద ఉన్న ట్రిపుల్ ఐటీ డీఎం పేరులోనే డిజైన్, మాన్యుఫాక్చరింగ్ ఉన్నాయి. ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ, ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ ఉన్నాయి. అక్కడ చదివే మన పిల్లలను షెడ్డులో పనిచేసే మన అన్నలతో కలపగలిగితే, ఒకరి చేయి, ఒకరి రాత తోడవుతాయి.

పెద్దగా చదువుకోని వారికి మొదటి తలుపు ఇంకోటి ఉంది. 2000లో ఏర్పడిన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్, గుజరాత్‌లో ఉంది. కాలేజీ చదువు లేని సామాన్యుల ఆవిష్కరణలను వెతికి పట్టుకోవడమే దాని పని. మన భాషలో రాసి పంపినా తీసుకుంటారు. పనికొస్తుందనుకుంటే పేటెంట్ దరఖాస్తు కూడా ఆ వ్యక్తి పేరునే వేయిస్తారు. తెలుగు నాట ఇలాంటివారిని ఊరూరా తిరిగి వెతికే పని బ్రిగేడియర్ పి. గణేశం స్థాపించిన పల్లె సృజన సంస్థ చేస్తోంది.

ఇద్దరి జీవితాలు చెప్పే సంగతి

చింతకింది మల్లేశం గారిది యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు దగ్గర శారాజీపేట. చదివింది ఆరో తరగతి. పోచంపల్లి చీరకు ఆసు పోయడానికి వాళ్ళ అమ్మ లక్ష్మమ్మ రోజంతా వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించేది. భుజం నొప్పితో ఇక చేయలేనంది. కొడుకు 1992లో యంత్రం మొదలుపెట్టాడు. హైదరాబాదులో కూలి పని చేసి సంపాదించింది దానికే పెట్టాడు. యంత్రం పూర్తయ్యేసరికి 1999 వచ్చింది. గంటల పని గంటన్నరకు తగ్గింది. ఆ యంత్రానికి అమ్మ పేరే పెట్టాడు. తరువాత గుర్తింపు, పేటెంట్, 2017లో పద్మశ్రీ, 2019లో ఆయన మీద సినిమా కూడా వచ్చాయి. కానీ మొదటి ఏడేళ్ళు ఆయన వెంట ఎవరున్నారు?

రెండో ఆయన మన పక్క రాష్ట్రంవారు. అబ్దుల్ ఖాదర్ నడకట్టిన్ గారు, కర్ణాటక ధార్వాడ జిల్లా అణ్ణిగేరి. మన ఆదోని, ఆలూరు లాంటి వాన మీద ఆధారపడ్డ నేల. చింతతోట వేశారు. చింతపండు నుంచి గింజ తీయడానికి కూలి భారమైంది. దానికి యంత్రం చేశారు. ఆ తరువాత విత్తనం, ఎరువు కలిపి వేసే గొర్రు, చెరకు నాటే యంత్రం, నీళ్ళు కాచే బాయిలర్ ఇంకా ఎన్నో చేశారు. 2015లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ జీవిత సాఫల్య పురస్కారం, 2022లో పద్మశ్రీ వచ్చాయి.

ఇద్దరి కథలోనూ ఒకటే కనబడుతుంది. గుర్తింపు చివర్లో వచ్చింది. అవసరమున్నది మొదట్లో. ఆ మొదటి ఏళ్ళు తట్టుకుని నిలిచినందుకే వీరి పేర్లు మనకు తెలిశాయి. తట్టుకోలేక పనిముట్లు అమ్ముకున్నవారి పేర్లు ఎవరికీ తెలియవు.

మనవాళ్ళు ఎక్కడ ఆగిపోతారు?

గ్రాంటు ఉంది, ఆలోచన ఉంది. మధ్యలో ఉన్న అడ్డంకులు ఇవి.

ఒకటి, రోజు కూలి. నమూనా మీద కూర్చున్న రోజు షెడ్డులో సంపాదన ఉండదు. రోజుకు 700 రూపాయలు అనుకుంటే 60 రోజులకు 42,000. ఇల్లు గడవని వాడు అంత వదులుకోలేడు. గ్రాంటు అడగడానికే ముందు చూపించదగ్గ వస్తువు కొంతైనా ఉండాలి.

రెండు, సంస్థ. మన షాపులన్నీ ఒక్కరి పేరున నడిచేవే. అలాంటి దుకాణానికి స్టార్టప్ గుర్తింపు రాదు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ గానీ, ఎల్ఎల్‌పీ గానీ, రిజిస్టర్ చేసిన భాగస్వామ్యం గానీ ఉండాలి. దానికి ఆడిటర్ దగ్గరికి తిరగాలి, ఏటా లెక్కలు దాఖలు చేయాలి.

మూడు, పేటెంట్. చేసిన యంత్రాన్ని సంబరంగా వీడియో తీసి అందరికీ పంచేస్తారు. ఊరందరికీ చూపించాక అది కొత్తది కాదని పేటెంట్ ఆఫీసు తిరస్కరించే ప్రమాదం ఉంది. ముందు దరఖాస్తు, తరువాతే ప్రచారం. వ్యక్తికి ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము 1,600 రూపాయలే. మొదట తాత్కాలిక దరఖాస్తు వేసుకుంటే పూర్తి వివరం ఇవ్వడానికి 12 నెలల వ్యవధి ఉంటుంది. ఖరీదైనది రుసుము కాదు, సరిగా రాసిపెట్టే మనిషి. గుర్తింపు పొందిన స్టార్టప్‌లకు ఆ రాసేవారి ఫీజును ప్రభుత్వమే భరించే ఏర్పాటు 2016 నుంచి ఉంది. ఆ గుర్తింపు లేనివాడికే కష్టం.

నాలుగు, భాష. దరఖాస్తులు, ఇంటర్వ్యూలు ఎక్కువగా ఇంగ్లీషులో. ఉర్దూ, తెలుగు కలిపి చక్కగా వివరించగల మనిషి ఆ కమిటీ ముందు నోరు మెదపలేడు.

ఐదు, విడతలు. మొత్తం డబ్బు ఒకేసారి రాదు. ఒక దశ పూర్తిచేసి చూపితేనే తరువాతి విడత. కొన్ని ఖర్చులు ముందు మనం పెట్టుకుంటేనే తరువాత తిరిగి వస్తాయి. ఆ మధ్యకాలంలో ఇనుము కొట్టువాడు అరువు ఇవ్వడు.

ఈ ఐదూ పెద్ద మొత్తాల కష్టాలు కావు. 10 లక్షల గ్రాంటు ముందు 50 వేల రూపాయల గోడ అడ్డం నిలిచినట్టు. ఆ గోడ దాటించడం ప్రభుత్వం పథకంలో లేదు. అది మన పథకంలో ఉండవచ్చు.

దాతలు చేయగలిగినవి

మొదటిది, వెతకడం. ఏడాదికి ఒకసారి, కర్నూలులో ఒకటి, కడపలో ఒకటి, చిన్న ప్రదర్శన పెట్టవచ్చు. ఎవరైనా తాము చేసిన పనిముట్టును తెచ్చి చూపవచ్చు. రహస్యంగా ఉంచవలసిన భాగాలు విప్పి చూపనవసరం లేదని ముందే చెప్పాలి. ఉల్లి తోకలు కోసే యంత్రం కావచ్చు. నీళ్ళు అయిపోగానే బోరు మోటారును ఆపే పరికరం కావచ్చు. బేతంచెర్ల, యర్రగుంట్ల వైపు బండల పాలిషింగులో మిగిలే రాతిపొడితో ఇటుక చేసే విధానం కావచ్చు. మతం, కులం చూడకుండా ఎవరినైనా రానివ్వడం మంచిది. మంచి వస్తువు ఊరందరికీ పనికొస్తుంది.

రెండోది, రెండు నెలల కూలి, నమూనా ఖర్చు. ఎంపికైన ఇద్దరు ముగ్గురికి నెలసరి భరణం, ఇనుము, మోటారు, బేరింగుల ఖర్చు. ఇవ్వవలసినది చేతికి కాదు, బిల్లుకు. ఈ దాతల డబ్బు వల్ల పైన చెప్పిన సీడ్ ఫండ్‌కు అడ్డు రాదు. అక్కడి 10 లక్షల హద్దు ప్రభుత్వ పథకాల డబ్బుకే.

మూడోది, ఖర్జె హసనా. గ్రాంటు మంజూరై, విడత రావడానికి ఆలస్యమైనప్పుడు వడ్డీలేని చేబదులు. విడత రాగానే తిరిగి వస్తుంది, ఇంకొకరికి వెళుతుంది. ఒకే లక్ష రూపాయలు ఏళ్ళ తరబడి చేతులు మారుతూ పనిచేస్తాయి. మంజూరు ఉత్తరం చూశాకే ఇస్తే పోయే భయమూ తక్కువ.

నాలుగోది, సమయం. ఇది డబ్బు కంటే విలువైనది. మనలో ఆడిటర్లు, వకీళ్ళు, కాలేజీ లెక్చరర్లు, రిటైరైన ఇంజనీర్లు ఉన్నారు. ఏడాదికి ఒక్కరికి దరఖాస్తు రాసిపెట్టినా, కమిటీ ముందు మాట్లాడటం నేర్పినా, అదీ సదఖానే.

ఇందులో జకాత్ వాడవచ్చా అన్న సందేహం వస్తుంది. జకాత్ ఎవరికి, ఏ రూపంలో చేరాలో షరతులున్నాయి. అర్హుడైన పేదవాడికి పనిముట్టు కొనివ్వడం ఒకటి, కంపెనీ రిజిస్ట్రేషన్ ఖర్చు కట్టడం వేరొకటి. ఆలిములను అడిగి తేల్చుకున్నాకే ఖర్చు పెట్టాలి. సదఖా, లిల్లాహ్ సొమ్మును వేరుగా ఉంచి ఈ పనికి వాడితే ఏ చిక్కూ ఉండదు.

కొన్ని జాగ్రత్తలు

గ్రాంటు ఇప్పిస్తామని కమిషన్ అడిగే దళారులు ప్రతి ఊళ్ళో ఉంటారు. చిన్న పరిశ్రమల ఉద్యమ్ నమోదు ఆధార్‌తో ఉచితంగా అవుతుంది. స్టార్టప్ గుర్తింపుకు కూడా రుసుము లేదు. ఎవరైనా వేలు అడిగితే అక్కడే ఆగిపోండి.

కొత్త అంగడి పెట్టడం ఆవిష్కరణ కాదు. బిర్యానీ హోటల్‌కు, బట్టల షాపుకు ఈ గ్రాంట్లు రావు. అవి మంచి వ్యాపారాలే, వాటి దారి వేరు. అందరినీ ఇటు పంపితే, అడిగినవాడికి నిరాశ, మన మాటకు తక్కువ విలువ.

గ్రాంటు డబ్బుతో పెళ్ళి చేయడం, పాత బాకీ తీర్చడం నేరం. ఎంత దగ్గరివాడైనా ఈ మాట ముందే గట్టిగా చెప్పాలి. ఒకడు లెక్క తప్పితే, తరువాత వచ్చే పదిమందికి తలుపు మూసుకుంటుంది.

చివరిది దాతలకే. సాయం పొందిన పదిమందిలో ఎక్కువమంది బజారుదాకా చేరకపోవచ్చు. ఈ పనిలో అది మామూలు. బడి ఫీజు కట్టిన పిల్లలందరూ డాక్టర్లు కాలేదు. అయినా ఫీజులు కట్టడం మనం ఆపలేదు. నిజాయితీగా ప్రయత్నించినవాడి లెక్క సరిగా ఉంటే, ఆ డబ్బు వృథా కాలేదనే అనుకోవాలి. అతను నేర్చుకున్నది తరువాతి వస్తువులో వాడతాడు, పక్కవాడికి చెబుతాడు.

మీ మోటారు రిపేరుకు వెళ్ళినప్పుడు, మీ పొలానికి గొర్రు చేయించుకునేటప్పుడు ఆ మెకానిక్ భాయ్‌ని ఒక మాట అడగండి: కంపెనీది కాకుండా నువ్వు సొంతంగా చేసినది ఏమైనా ఉందా అని. చాలామంది నవ్వి లేదంటారు. ఎవరో ఒకరు లోపలికి వెళ్ళి, గోనెసంచి కింద దాచిపెట్టినది తీసుకొచ్చి చూపిస్తారు. అతని పేరు, ఫోను నంబరు రాసుకుని వచ్చి సొసైటీ ఆఫీసులో ఇవ్వండి. అక్కడి నుంచి పని మొదలవుతుంది, ఇన్షా అల్లాహ్.

అల్లాహ్ మీ దానధర్మాలను స్వీకరించి, మన యువకుల చేతిపనిలో బర్కత్ ఇచ్చుగాక. ఆమీన్.